తొట్టెలలోని వాటాదారు

ఒక శిశువు ఈ లోకమునకు వచ్చినంతనే, ఇంకను కన్నులు సరిగా విప్పకమునుపే, లోకమునందలి ధాన్యములోను, వైద్యములోను, పాలకులు ప్రజలకొఱకు వెచ్చించు ధనములోను దానికొక భాగము ఏర్పడునా, లేక పెద్దలెవరో ఒక కార్యాలయమునకు పోయి దాని పేరు చెప్పి, ఆ పేరును ఒక అధికారి వ్రాసికొని, ఆ వ్రాతకొక సంఖ్య తగిలించిన పిమ్మటనే ఆ భాగము ఏర్పడునా? ఈ ప్రశ్న పైకి కేవలము కచేరీ వ్యవహారముగ కనబడును గాని, ధర్మశాస్త్రకారులు దాదాపు తొమ్మిదివందల యేండ్లకు పూర్వమే దీనిని తలకెత్తికొని, తీవ్రముగ వాదించి, ఒక్కొక్క సీమలో ఒక్కొక్క విధముగ తేల్చియున్నారు. నిజామాబాదు పట్టణమునందును, నిజాంసాగరు కాలువల క్రింద చెరకు పండించిన బోధను ప్రాంతమునందును ఆ ప్రాచీన వివాదమే నేడు రేషను కార్డు రూపమున బీదయిండ్ల గడపలలో నిలిచియున్నది.

ఇక్కడి యిండ్లలో బిడ్డ పుట్టిన వార్తను చెప్పుటకు ఒక క్రమము కలదు. హిందువులు పది దినములు పురుడు పాటింతురు. ఆ అశౌచము తల్లిదండ్రులతో ఆగక దాయాదులకు కూడ అంటుననుటలో, ఈ పుట్టుక ఒక దంపతుల సొంత విషయము మాత్రమే కాదనియు, వంశము మొత్తము దానిని లెక్కలోనికి తీసికొనవలెననియు శాస్త్రము చెప్పిన తీర్పు ఇమిడియున్నది. పురుడు వెళ్ళిన పిదప అనేకుల యిండ్లలో ఇరువదియొకటవ దినమున తొట్టెల కట్టి, ముత్తైదువలను పిలిచి, పేరు పెట్టి, ఆ పేరును బిడ్డ చెవిలో పలుకుదురు. ముస్లిముల యింట తండ్రియో, పెద్దవాడొకడో శిశువు కుడిచెవిలో అజాన్ వినిపించును. ఏడవ దినమున అకీకాయను బలి యిచ్చి, ఆ మాంసమున కొంత బీదలకు పంచుదురు. క్రైస్తవ మిషనరీలు కుష్ఠురోగులకై ఆసుపత్రి నెలకొల్పిన డిచ్‌పల్లి పరిసరములలో బాప్తిస్మము పొందిన శిశువు పేరు చర్చి పుస్తకమున కెక్కును. ఈ ఆచారముల వెనుకనున్న తత్త్వములు వేఱువేఱు. వాని నన్నిటిని ఒక్కటియే యనుట విద్వాంసులకు తగదు. కాని ఒక్క విషయమున అవి ఏకీభవించినవి: శిశువు తన రాకను తాను ప్రకటించుకొనజాలదు గనుక దాని పక్షమున మరియొకరు నోరు విప్పవలెను, అట్లు విప్పుట వేడుకకు చెందినది గాక విధికి చెందినది.

రాజ్యము కూడ ఈ క్రమములో తనకొక స్థానమును కోరినది. 1969లో పార్లమెంటు చేసిన జనన మరణముల నమోదు చట్టము ప్రకారము ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ సంగతి అక్కడి వైద్యాధికారియు, ఇంటిలో పుట్టిన బిడ్డ సంగతి ఆ యింటి పెద్దయు తెలియజేయవలెను. గడువు 21 దినములు. అది దాటినచో 30 దినములలోపు కొద్ది రుసుముతోను, ఏడాదిలోపు అధికారి లిఖితానుమతితోను, ఏడాది గడచినచో మేజిస్ట్రేటు ఉత్తర్వుతోను వ్రాయించుకొనవచ్చును. తొట్టెలనాటికే చట్టపు గడువు కూడ ముగియుట యాదృచ్ఛికమే. ఆ చట్టములో నాకు మిక్కిలి గౌరవము కలిగించిన అంశము మరియొకటి: పేరు పెట్టని శిశువు జననమును కూడ వ్రాసికొనవలసినదే; పేరును పండ్రెండు నెలలలోపు రుసుము లేకుండ, ఆ తరువాత పదునైదేండ్ల వరకు రుసుముతో చేర్చుకొనవచ్చును. నామము కంటె అస్తిత్వము ముందనియు, పిలుపులేని ప్రాణమునకు కూడ ప్రాణముగ లెక్కయుండవలెననియు శాసనకర్తలు తెలిసియో తెలియకయో అంగీకరించిరి.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కు తరువాతి మెట్టుననున్నది. తెలంగాణమున ఆహారభద్రత కార్డుపై మనిషికి నెలకు 6 కిలోల బియ్యమిచ్చుచున్నారు. 2025 ఉగాదినుండి అవి సన్నబియ్యము. మనిషిని ఇక్కడివారు 'యూనిట్' అందురు. ఇంట ఐదుగురుండి కార్డున నలుగురే యున్నచో ఇరువదినాలుగు కిలోలను ఐదుగురు తినవలెను. బిడ్డను ఆ కార్డుకెక్కింపవలెనన్నచో జనన ధ్రువపత్రము కావలెను. నీలిరంగు బాల ఆధార్ కావలెను. మీసేవా కేంద్రమున దరఖాస్తు పెట్టవలెను. అంతకు మునుపు ఆ బిడ్డ తల్లి పేరు ఆమె పుట్టింటి కార్డునుండి తొలగి, అత్తింటి కార్డున చేరియుండవలెను. ఈ చేర్పులు సంవత్సరముల తరబడి సాగలేదు. పుట్టినవారు పుట్టుచునే యుండిరి, కోడండ్రు వచ్చుచునే యుండిరి, కార్డు మాత్రము ఏనాడో తీసిన ఛాయాచిత్రమువలె కదలక నిలిచినది. 2025లో క్రొత్త కార్డుల పంపకమును, పాత కార్డులలో పేర్ల చేర్పును పెద్దయెత్తున సాగినప్పుడు, బడికి పోవు వయసు వచ్చిన పిల్లలు కూడ తొలిసారిగ 'యూనిట్లు' అయిరి. "కార్డుల పోరని పేరెక్కిందా?" అని బీడీలు చుట్టు ఆడువారు చాటలు ముందు పెట్టుకొని ఒకరినొకరు అడుగు మాట ఆ యేడు బోధనులో ఎంత సామాన్యమో ఆ వాడలలో తిరిగినవారికి తెలియును.

పసిబిడ్డకు బియ్యమెందుకని ఒక ఆక్షేపణ కలదు. అన్నప్రాశనము ఆఱవ నెలకు గాని కాదు. అంతవరకు శిశువు త్రాగునది పాలు. కాబట్టి పుట్టిననాటినుండి భాగమనుట మాటవరుసకేనని కొందఱి వాదము. కాని ఆ పాలు ఎక్కడివి? తల్లి తిన్న అన్నమే గదా. ఈ సత్యమును గ్రహించియే 2015 జనవరినుండి తెలంగాణములోని అంగన్‌వాడీలలో ఆరోగ్యలక్ష్మి యను పేరున గర్భిణులకును, బాలింతలకును పూట భోజనము పెట్టుచున్నారు. అక్కడ తల్లి ముందు వడ్డించిన విస్తరిలో బిడ్డ భాగము కూడ ఉన్నదని ఎవరును వేఱుగ చెప్పనక్కఱలేదు. తునికాకు కత్తిరించుచు, తంబాకు ధూళి పీల్చుచు, పూటకిన్ని బీడీలని లెక్కపెట్టి చుట్టు స్త్రీ తన భాగము తగ్గించుకొని పెద్దపిల్లలకు పెట్టిననాడు, కార్డున లేని ఆ పసికందు ఆకలికి మొదటి సాక్షి ఆమె దేహమే.

ఇక శాస్త్రవివాదమునకు వత్తము. బోధను ప్రాంతమును ఒకప్పుడు పాలించిన కళ్యాణి చాళుక్యుల రాజధానియైన కళ్యాణము, నేటి బీదరు జిల్లాలోని బసవకళ్యాణము, ఇక్కడికి ఎంతో దూరము లేదు. ఆ నగరమున ఆఱవ విక్రమాదిత్యుని కాలమున, అనగా 1076కును 1126కును నడుమ, విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. పితృపితామహుల ఆస్తిలో కుమారునకు భాగము పుట్టుకతోనే కలుగునా, తండ్రి పోయిన పిమ్మట కలుగునా అను ప్రశ్నకు విజ్ఞానేశ్వరుడు జన్మతోనే యని సిద్ధాంతము చేసెను. వంగదేశమున జీమూతవాహనుడు దాయభాగమున దీనికి విరుద్ధముగ, తండ్రి స్వత్వము నశించిన పిదపనే కొడుకు స్వత్వమని నిర్ణయించెను. తెలుగు దేశము మితాక్షరను అనుసరించినది. ఈ రెండు మతముల నడుమగల అంతరము ధనవిభాగమునకు సంబంధించినంత మాత్రమే యని తలచుట పొరపాటు. మొదటిదానిలో శిశువు వచ్చుటయే ఒక వాటాదారు వచ్చుట. అప్పటివరకు యజమానియని తన్నుతాను తలచుకొన్న తండ్రి ఆ క్షణముననే సహభాగియగును. రెండవదానిలో శిశువు ఎదురుచూచువాడు. ఇచ్చువాని చేయి వాలువఱకు అతనికి ఏమియు లేదు.

మితాక్షర మరియొక అడుగు వేసినది. అన్నదమ్ములు పంపకము చేసికొను వేళకు తల్లి గర్భమున శిశువున్నచో, ప్రసవమువఱకు వేచియుండవలెను. గర్భము తెలియక పంచుకొన్నచో, బిడ్డ పుట్టిన తరువాత జరిగిన పంపకమును విప్పి తిరిగి పంచవలెను. అప్పుడు చేతికందు ధనమునుండి ఆదాయవ్యయములను సరిచూచి ఆ భాగమును తీయవలెనని యాజ్ఞవల్క్యుని నిర్దేశము. పంచుకొన్నవారికి ఎంత చిరాకు! పొలముల గట్లు వేసికొన్నారు, పాత్రలు ఎత్తుకొని పోయినారు, కాగితములమీద వ్రేలిముద్రలు కూడ పడినవి. అయినను తరువాత వచ్చినవాని కొఱకు అదంతయు తిరిగి తెరువుడని శాస్త్రము చెప్పినది. ముందు పుట్టుట ఎక్కువ హక్కునకు హేతువు కాదు గనుక. మితాక్షర ఈ హక్కును కొడుకులకు చెప్పెనే గాని కూతుండ్రకు చెప్పలేదనుట నిజము, ఆ లోపము పెద్దది కూడ. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986 నాటి చట్టముతోను, పార్లమెంటు 2005 నాటి సవరణతోను ఆడుబిడ్డకు కూడ జన్మస్వత్వమును చెప్పి ఆ లోపమును కొంత తీర్చినవి.

ఇస్లామీయ ధర్మశాస్త్రము కూడ ఇట్టి తీర్పే ఇచ్చుట గమనింపదగినది. మరణించినవాని భార్య గర్భిణిగ నున్నచో వారసత్వ విభాగమున గర్భస్థ శిశువునకు భాగము నిలిపియుంచుదురు. శిశువు ప్రాణముతో పుట్టినచో, పుట్టి ఏడ్చినచో, ఆ ఏడ్పే దాని హక్కునకు ప్రమాణము. ఆ వెనుక కొన్ని నిమిషములకే మరణించినను అది వారసత్వము పొందినట్లే. 1969 చట్టమున సజీవ జననమునకు ఇచ్చిన నిర్వచనము చూడుడు: తల్లినుండి వెలువడిన తరువాత శ్వాసించినను, జీవలక్షణమును మరే విధముగ చూపినను అది సజీవ జననము. కళ్యాణమునందలి పండితుడు, మదర్సాలలోని ఫకీహులు, ఢిల్లీలోని శాసనకర్తలు ఒకరి నొకరు సంప్రదింపక చేరిన ఈ స్థానమున, హక్కునకు మూలము ఊపిరి. నమోదు దానికి సాక్ష్యము. సాక్షి ఆలస్యముగ వచ్చెనని హక్కు ఆలస్యముగ పుట్టదు. సాక్షియే రాకపోయినను హక్కు పుట్టకపోదు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదంతయు ఈ మాటకు లోబడినదే.

అట్లయినచో బిడ్డ పుట్టెనని చెప్పుటకు ఏల ఇంత పట్టుదల, హక్కు ఉండనే ఉన్నది గదా యని ఎవరైన అడుగవచ్చును. దానికి ఉత్తరము ఈ ఊరితో ముడిపడిన కథలోనే యున్నది. బోధనునకు ఏకచక్రపురమని ప్రాచీన నామము కలదని స్థానికుల విశ్వాసము. ఏకచక్రేశ్వరుని ఆలయము నేటికిని ఇక్కడ నున్నది. లక్కయింటినుండి తప్పించుకొన్న పాండవులు తల్లితో కూడ బ్రాహ్మణవేషమున తలదాచుకొన్న ఊరిదియే యని ఇక్కడి తాతలు మనుమలకు చెప్పుదురు. నన్నయ తెనిగించిన ఆదిపర్వమున ఆ కథను మనము చదివినవారమే. కొడుకులు పగలెల్ల తిరిగి తెచ్చిన భిక్షను కుంతి పంచిపెట్టెడిది: సగము భీమునకు, మిగిలిన సగము తక్కిన నలుగురికిని, తనకును. ఎవరి యవసరమెంతయో అంత ఇచ్చుటలో ఆ తల్లికి మించిన విభాగకర్త లేదు. ఊరివారు బకుడను రాక్షసునకు పంపు కప్పములో ఈ వివేకము లేదు; అది ఇంటిలెక్క. వంతు వచ్చిన యిల్లు ఒక బండెడన్నము, రెండు దున్నలు, ఒక మనిషిని ఇచ్చుకొనవలెను. ఆ యింట ఒక్కడే యున్నాడా, పసిబిడ్డలున్నారా యని అడుగువారు లేరు. వంతు వచ్చిన బ్రాహ్మణుని యింట తండ్రి నేను పోదుననగా, తల్లి నేను పోదుననగా, కూతురు నేను పోదుననగా, ఇంకను మాటలు తిరుగని చిన్నకొడుకు ఒక గడ్డిపోచను చేతబట్టి దీనితో నేనే రాక్షసుని చంపెదననెను. అంతటి దుఃఖములోను వారందఱు నవ్విరి. లెక్కకు రాని ఆ పసివాడే ఆ యింటికి ప్రాణము.

అట్టి కుంతి, అయిదుగురికి అన్నము పంచుటలో ఇసుమంత పొరపడని ఆ కుంతి, ఆఱవవాని పేరు పలుకలేదు. కన్యగ నున్నప్పుడు కనిన తొలిచూలు బిడ్డను, తండ్రియైన కుంతిభోజునకు తెలియనీయక, దాది తోడ్పాటుతో పెట్టెలో పెట్టి నదిలో విడిచినది. అధిరథుని భార్య రాధ ఆ బిడ్డను పెంచినది. అస్త్రవిద్యాప్రదర్శనమున కర్ణుడు అర్జునునికి సవాలు చేసినప్పుడు చూచుచున్న కుంతి మూర్ఛిల్లెను, కృపాచార్యుడు నీ కులమేది, తల్లిదండ్రు లెవరని అడిగెను, కర్ణుడు తలవంచెను. కుంతి అప్పటికిని చెప్పలేదు. యుద్ధమయిన తరువాత, గంగ యొడ్డున ధర్మరాజు మృతులకు తిలోదకములు విడుచువేళ, కర్ణునికి కూడ విడువుము, అతడు మీయన్నయని చెప్పినది. పుట్టుకను తెలియజేయవలసిన తల్లి దానిని తర్పణమువేళ తెలియజేసినది. కర్ణునికి జ్యేష్ఠత్వము పుట్టుకతోనే కలదు; దానిని ఎవరును తీసివేయలేదు. కాని సాక్ష్యము లేని హక్కు అతనికి ఒక్కనాడును పనికిరాలేదు. హక్కును మనము సృష్టింపజాలము. దానిని వ్యర్థము చేయుట మాత్రము మనచేతనే యున్నది. అందువలననే చెప్పుట విధి.

కుంతిని నిందించుట సులభము. ఆమెను భయపెట్టిన లోకమును గుఱించి తలచుట అంతకంటె అవసరము. నిజము చెప్పినవానికి శిక్షయు, దాచినవానికి లాభమును కలుగునట్లు నియమములు చేసిన పిమ్మట, జనులు అబద్ధమాడుచున్నారని విలపించుట ధర్మము గాదు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టమున ఇద్దఱికి మించి సంతానము గలవారు స్థానిక సంస్థల ఎన్నికలకు అనర్హులని విధించిరి. 1995 మే తరువాత పుట్టిన బిడ్డలకు ఆ నియమము వర్తించెను. 2018 నాటి తెలంగాణ చట్టములోను అది నిలిచినది. ఆంధ్రప్రదేశ్ 2024లోను, తెలంగాణము 2025లోను దానిని తీసివేసినవి. నడుమ గడచిన మూడు దశాబ్దములలో, సర్పంచి పదవి కోరు తండ్రికి మూడవబిడ్డ యనగా ఒక సంతోషవార్త కాక దాచవలసిన సాక్ష్యమైనది. బ్రిటన్‌లో కూడ, 2017 ఏప్రిల్ 6 నాడు గాని ఆ తరువాత గాని పుట్టిన మూడవ శిశువునకు, కొన్ని మినహాయింపులతో, కుటుంబసహాయమున బిడ్డల లెక్కన వచ్చు భాగము లేకుండ చేసిరి. ఆ దేశమున బిడ్డ పుట్టినట్లు తెలియజేయుట తప్పనిసరియే. తెలియజేసిన తరువాత, విన్నాము గాని నీ బిడ్డకు భాగము లేదనిరి. దాయభాగమున తండ్రి జీవితాంతము ఎదురుచూచు కుమారునికైన ఏదో యొకనాడు వాటా వచ్చునన్న ఆశ గలదు. పుట్టుక క్రమసంఖ్యను బట్టి ఆకలిని అంగీకరించుటయు నిరాకరించుటయు నేనెఱిగిన ఏ ధర్మశాస్త్రమునందును లేదు.

చెప్పువాని సత్యమును గుఱించి మనవారు ఎంతయో వ్రాసిరి. వినువాని ధర్మమును గుఱించి తక్కువ వ్రాసిరి. ఛాందోగ్యోపనిషత్తున సత్యకాముని కథ అందఱికి తెలిసినదే. విద్య నర్థింపబోవు బాలుడు తన గోత్రమేమని తల్లియైన జబాలను అడుగగా, యౌవనమున అనేకుల యిండ్ల పరిచారము చేయుచు నిన్ను కంటిని, నీ గోత్రము నాకు తెలియదు, నా పేరు జబాల, నీ పేరు సత్యకాముడు, ఆ మాటే చెప్పుమని ఆమె పలికెను. బాలుడు హారిద్రుమతుడైన గౌతమునికి ఉన్నదున్నట్లు చెప్పెను. ఆ కథను తల్లీకొడుకుల సత్యనిష్ఠకు ఉదాహరణముగ బోధింతురు, న్యాయమే. కాని నాకు గౌతముడు అంతకంటె పెద్దగా కనబడును. ఆయన అడిగిన ప్రశ్నకు రావలసిన సమాధానము రాలేదు. పూరింపవలసిన గడి ఖాళీగ నున్నది. ఆయన ఆ ఖాళీని చూచి బాలుని వెనుకకు పంపలేదు. సత్యము చెప్పితివి, సమిధలు తెమ్ము అని చేరదీసికొనెను. కృపుడును కులమే అడిగెను, గౌతముడును గోత్రమే అడిగెను. ఒకని ప్రశ్న తలుపు మూసినది, ఒకని ప్రశ్న తలుపు తెరచినది. పుట్టుకను నమోదుచేయు ప్రతి బల్లవెనుకను ఈ యిద్దఱిలో ఒకడు కూర్చుండియుండును. తండ్రి పేరు చెప్పలేని, చెప్పనొల్లని అవివాహిత తల్లి ప్రమాణపత్రమిచ్చి కోరినచో బిడ్డకు జనన ధ్రువపత్రమును నిరాకరింపరాదని 2015 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. గౌతముని పక్షమున వచ్చిన తీర్పని నేను దానిని భావింతును.

బోధను చెరకుతోటలలో ఈ వినుధర్మము మరింత పరీక్షకు వచ్చెను. 1931 నాటికి మంజీరమీద నిజాంసాగరు పూర్తియగుటయు, 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడుటయు ఈ ప్రాంతమునకు దూరదూరములనుండి జనులను రప్పించినవి. కృష్ణా, గోదావరి సీమల రైతులు పొలములు కొనుక్కొని నిలిచిరి. మరాఠ్వాడానుండి చెరకు నరుకువారు ఋతువునకొకసారి ఎడ్లబండ్లతో వచ్చి, గడ్డిగుడిసెలు వేసికొని, గానుగ కాలము ముగియగనే పోయెడివారు. నిండుచూలాండ్రు కూడ కత్తిపట్టి చెరకు నరికినవారే. అట్టి గుడిసెలో పుట్టిన బిడ్డ ఏ ఊరిది? చట్టము స్పష్టముగ చెప్పినది: పుట్టిన చోటనే నమోదు. తల్లి భాష మరాఠీయైనను, కార్డు నాందేడు జిల్లాదైనను, ఇక్కడి పంచాయతీ కార్యదర్శియే ఆ పుట్టుకకు సాక్షి కావలెను. నాలుగు దినములలో బండి కదలిపోవు కుటుంబమునకు అంతలో ఎట్లు నమోదు చేయింతుమను చింత. రాని భాషలో ఎట్లు అడుగుదుమను బెదురు. అట్టి చోట విధి చెప్పువానిమీదనే యుండి వినువానిమీద లేదనుట అన్యాయము. కార్యదర్శియో, ఆశా కార్యకర్తయో గుడిసెకు పోయి అడుగవలెను. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతబడినది; జీతపు పట్టీలో పేరుండుటవలన గౌరవముగ బ్రదికిన కార్మికుల కుటుంబములకు ఇప్పుడు మిగిలిన పట్టీ చాలమందికి రేషను కార్డొక్కటియే. ఆ పట్టీలో పేరెక్కుట నాడు ఫ్యాక్టరీలో పేరెక్కుట కంటె తక్కువ విషయము కాదు.

సత్యము రెండువైపుల పదునుగలది. దానిని దాచి వ్రాయుట నాకిష్టము లేదు. పుట్టిన మనుమని పేరెక్కింప త్వరపడు ఇల్లు, పోయిన తాత పేరు తీయింపక ఆయన 6 కిలోలు తెచ్చుకొనుచున్నచో, అది మరియొక యింటి పసివాని భాగమునుండి వచ్చుచున్నదని ఒప్పుకొనవలెను. గల్ఫుకు పోయిన కొడుకు విషయము మాత్రము వేఱు. అతడు బ్రదికియున్నాడు, ఇంటికి డబ్బు పంపుచున్నాడు, ఏ రెండేండ్లకో వచ్చును. వ్రేలిముద్ర వేయుటకు ఇక్కడ లేడన్న కారణముతో అతని పేరును పోయినవాని పేరుతో సమానముగ చూచుట సత్యము గాదు. పుట్టుక, మరణము, దూరము అను మూడింటిని వేఱుచేసి చూడగల కన్ను లెక్కవ్రాయువానికి కావలెను. మూడు ఋణములతో మనిషి పుట్టునని, సంతానముచేత పితౄణము తీరునని మనవారు చెప్పిరి. కనుటతోనే అది తీరునని నేననుకొనను. పుట్టినదానిని దాని భాగముతో సహా లోకమున నిలిపినప్పుడే తీరునని నా అభిప్రాయము. అందుకు తండ్రి చేయవలసిన మొదటి పని నిజము చెప్పుట, ఊరు చేయవలసిన మొదటి పని దానిని నమ్ముట.

ఇక మిగిలినది బాకీ. ఒక బిడ్డ 2017 జూలైలో పుట్టి, 2025 జూలైలో కార్డుకెక్కినదనుకొందము. ఎక్కిన నెలనుండి దానికి 6 కిలోలు వచ్చును. గడచిన 96 నెలల సంగతి ఎవరును ఎత్తరు. హక్కు నమోదుతో పుట్టినదనువారి దృష్టిలో ఎత్తవలసినదేమియు లేదు. హక్కు ఊపిరితో పుట్టినదని మితాక్షరను, 1969 చట్టమును, 1992లో మన దేశము అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడికను నమ్మువారి దృష్టిలో అది 576 కిలోల బియ్యము. ఆ బిడ్డకు పాలిచ్చినదియు, ఆ తరువాత పళ్లెమున పెట్టినదియు తన భాగము కోసికొని ఇచ్చిన తల్లి ముందుగా చెల్లించిన అప్పు. ఖజానా ఇంత భారమును మోయజాలదందురేమో. పంపకము విప్పునాడు చేతికందు ధనమునుండియే ఇయ్యవలెనని, ఆదాయవ్యయములు సరిచూచియే ఇయ్యవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పియుండెను గనుక, మొత్తము తీర్చలేనివారు కొంతయైన తీర్చవచ్చును. బియ్యముగ ఇయ్యలేనివారు అంగన్‌వాడీ గ్రుడ్డుగ, పాలుగ ఇయ్యవచ్చును. ఏమియు ఇయ్యలేనినాడు కూడ కార్డుమీద పేరు ప్రక్కన ఎక్కించిన తేదీతోపాటు పుట్టిన తేదీని వ్రాసి, ఆ రెండింటి నడుమగల నెలలు ఈ బిడ్డకు మేము బాకీయున్నామని చూపవచ్చును. తహసీలుదారు కార్యాలయమున ఆ గడిని చేర్చుటకు క్రొత్త చట్టమేదియు అక్కఱలేదు.